ఎనిమిది రేకుల మంచుపువ్వు

అక్టోబరు పందొమ్మిది, ఆదివారం. ఆ రోజు మా ముంగిట్లో గొర్రెను కోశాం. మాంసం సన్నగా తరిగి, చేత్తో వత్తిన నూడుల్స్ మీద వేసి, ఉల్లిపాయ పులుసు పోసుకుని తిన్నాం. తలకాయ మా అన్నయ్య తబల్దీ ముందు పెట్టాం. ఆయన ఒక చెవి కోసి నా కూతురు బురుల్‌కి అందించాడు. "పెద్దవాళ్ళ మాట వినే చెవి నీకు లేదు, ఇది తిను, మొలుస్తుందేమో" అన్నాడు. వచ్చిన నలభై మందీ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ గొర్రెను బండి పేరు మీద కోశాం. మా మూడు ఊళ్ళకీ, కొండల్లో కాపర్లు గొర్రెలతో దిగే తొమ్మిది మంద విడిదులకీ నర్సూ, మంత్రసానీ, కాంపౌండరూ అన్నీ బురులే. ఆమె తిరిగేది పాత వ్యాను. రొట్టె ఆకారంలో ఉంటుంది గనక దాన్ని అందరూ రొట్టె అనే పిలుస్తారు. టైర్లు గుండు గీసినట్టు నున్నబడిపోయాయి. చలికాలం రాకముందే ఆల్ టెర్రైన్ టైర్లు కావాలని, అందులోనూ పక్కన కొండ బొమ్మ, ఆ కొండలో మంచుపువ్వు ముద్ర, అంటే మంచు మీద పట్టు పరీక్షించి కంపెనీ వేసే ముద్ర, ఉన్నవే కావాలని బురుల్ వేసవి నుంచీ పోరుతోంది. చివరికి ఆ నాలుగూ మా అన్నయ్య కానుకగా తెచ్చాడు. గొర్రె నెత్తురు వేలితో తీసి నాలుగు చక్రాలకీ తనే పూశాడు. అరచేతులతో ముఖం తుడుచుకుని దీవించాడు. అలా నెత్తురు పూసి దీవించిన చక్రాన్ని విప్పడమంటే, మా వాళ్ళ లెక్కలో, దీవించిన చేతిని విదిలించి కొట్టడమే.

పోయిన వారం భాగంలో మిమ్మల్ని కరా-బెల్ కనుమ దారిలో, అడ్డం తిరిగిన బండి పక్కన వదిలాను. నవంబరు ఇరవై ఆరో తేదీ ఉదయం అది. కనుమకి అవతల మంద విడిదిలో మా అన్నయ్య చిన్నకోడలు చినారా నిండు చూలాలు. మొదటి కాన్పులో నెత్తురు ఆగక చావు దాకా వెళ్ళి వచ్చిన పిల్ల. కనుమ మూసుకుపోయేలోగా ఆమెని కిందికి దించాలి. ముందు దారి ఎలా ఉందో చూసొద్దామని బురుల్ బయలుదేరితే, నేను పక్కన కూర్చున్నాను. మూడో మలుపులో బండి రెండుసార్లు గిర్రున తిరిగి, వచ్చిన దారికే మొహం పెట్టి, మంచుగట్టుకి ఆనుకుని నిలబడింది. గట్టు లేని చోట తిరిగి ఉంటే ఈ భాగం రాయడానికి నేను ఉండేవాణ్ణి కాదు. దేవుడి దయ ఒక్కోసారి మోకాలెత్తు మంచు రూపంలో కూడా వస్తుంది.

బురుల్ కిందికి దిగి, జారకుండా చక్రాలకి చుట్టిన మంచుగొలుసులు చూసింది. ఒకటి తెగిపోయింది. నేను ముందు చక్రం దగ్గర మోకాళ్ళ మీద కూర్చుండిపోయాను.

"నాన్నా, దెబ్బ తగిలిందా? ఏంటలా కూర్చున్నావు?"

"లెక్కపెడుతున్నాను."

"ఏం లెక్క?"

టైరు పక్క భాగంలో కొండ బొమ్మ ఉంది. అందులో మంచుపువ్వు ఉంది. దాని రేకులు ఒకసారి లెక్కపెట్టాను. చేతి తొడుగు తీసి వేలితో తడుముతూ మళ్ళీ లెక్కపెట్టాను. ఎనిమిది.

ముప్ఫై ఒక్క ఏళ్ళు నేను బడిలో ఫిజిక్సు చెప్పాను. ఏటా మొదటి మంచు పడిన రోజు పిల్లలందరినీ బయట నిలబెట్టి, నల్ల కోటు చేతి మీద మంచు పట్టించి, భూతద్దంలో చూపించేవాణ్ణి. మంచు రేణువుకి ఆరు కొమ్మలే ఉంటాయి. నీరు గడ్డకట్టే తీరే అది. ఆ టైర్లు పోసే కంపెనీలో బొమ్మ గీసిన మనిషికి ఈ సంగతి తెలియకుండా ఉండదు.

"ఈ ముద్ర అచ్చులో పోసింది కాదమ్మా" అన్నాను. "అచ్చులో పోస్తే రబ్బరు బయటికి ఉబ్బి ఉంటుంది. ఇది లోపలికి దిగింది. ఎవరో కాల్చి వేశారు."

బురుల్ వంగి చూసింది. తరవాత చక్రం వెనక వైపుకి చెయ్యి పోనిచ్చింది. టైరు ఏ ఏడాది, ఏ వారం పుట్టిందో చెప్పే నాలుగు అంకెలు ఒక చోట ఉండాలి. అక్కడ ఆకురాయితో రుద్దేసిన నున్నటి మచ్చ ఉంది. నేను బొటనవేలి గోరు రబ్బరులోకి నొక్కాను. దిగలేదు. ఆ చలికే అది చెక్కలా బిగుసుకుపోయి ఉంది.

"పళ్ళు చూడు, పెద్దపెద్ద పళ్ళు" అంది బురుల్, టైరుని తన్ని. "నేను రోజూ వీటి మీద ఎక్కుతున్నాను. పోయిన నెలలో ఇద్దరు బాలింతల్ని వీటి మీదే తీసుకొచ్చాను. ఒక్కసారి వంగి చూడలేదు. ఎందుకు చూడలేదంటే పెదనాన్న ఇచ్చాడు గనక."

ఆమె ఇంకోసారి తన్నింది. ఆపలేదు నేను.

ఒక్క గొలుసుతో, నడిచే మనిషి కంటే మెల్లగా దిగాం. రోడ్డు పనివాడు ఒకడు మా అవస్థ చూసి, అడక్కుండానే కింది రెండు మలుపుల్లోనూ పారతో ఇసుక చల్లాడు. అతని పేరు కూడా అడగలేకపోయాను.

*

మెలిస్ పంక్చర్ షాపు ఊరి చివర, పాత రైలు డబ్బాలో ఉంటుంది. అతను నా దగ్గర ఎనిమిదో తరగతి రెండుసార్లు చదివాడు. వ్యాను ఆగడం చూసి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. బురుల్ మొహం చూసి ఆగిపోయాడు.

"రండి మాస్టారూ. టీ ఉంది, వేడిగా ఉంది."

"మెలిస్, మంచుపువ్వుకి ఎన్ని రేకులు?" అన్నాను.

అతను నా వైపు చూశాడు, చక్రం వైపు చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"ఆ పాఠం చెప్పిన రోజు నువ్వు బడికి రాలేదనుకుంటాను."

"వచ్చాను మాస్టారూ. మీ కోటే పట్టుకుని నిలబడ్డాను." తలవంచుకున్నాడు. "ప్లస్సు మీద ఇంటూ గీస్తే ఎనిమిది తేలిగ్గా వస్తాయి. ఆరు సమంగా కుదరలేదు."

"నువ్వే కాల్చావా?" అంది బురుల్.

"నేనే. సోల్డరింగ్ కడ్డీతో."

"ఎవరు చెప్పారు?"

మెలిస్ టీ పోయడం మొదలుపెట్టాడు. బురుల్ అతని చేతిలోంచి గిన్నె లాక్కుని బల్ల మీద పెట్టింది.

"పెద్దాయన, మీ పెదనాన్నే చెప్పాడక్కా" అన్నాడు. "గనిలో పనిచేసే ఎవరో స్నేహితుడి దగ్గర తెచ్చాడు ఇవి. బురద టైర్లు. నేను చెప్పాను, మామా, ఇవి బురదలో బాగా లాగుతాయి, మంచు మీద మాత్రం పనికిరావు, చలికి రాయి అయిపోతాయి అని. ఆల్ టెర్రైన్‌కి చూడు, ప్రతి పన్ను మీదా వెంట్రుకంత చీలికలు ఉంటాయి. మంచుని పట్టుకునేది ఆ చీలికలే. రబ్బరు కూడా మెత్తగా ఉంటుంది. ఇవేమో ఒట్టి దిమ్మలు. పైగా ఎంత పాతవో. అన్నీ చెప్పాను."

"చెప్పి?"

"'పిల్లకి ముద్ర కావాలంట, ముద్ర వెయ్యి' అన్నాడు."

"పెద్దాయన కనుమ మీంచి దూకమంటే దూకుతావా?"

"ముందు మీరు దూకండి, వెనకే వస్తానంటాను."

ఇంకో రోజైతే బురుల్ నవ్వేది. "నువ్వు నాకు ఎదురుపడ్డావు మెలిస్, నెలలో ఇరవైసార్లు. వీటికి గాలి కొట్టావు. ఒక్కసారి నోరు విప్పి ఉంటే సరిపోయేది."

"నలభై మంది ముందు నెత్తురు పూశాడక్కా. ఆ తరవాత నేనేం నోరు విప్పను?"

నాకు అతని మీద కోపం రావాలి. వచ్చింది కూడా. కాని అతను పొయ్యి పక్కన ఆరబెట్టిన తన చేతి తొడుగులు తీసి, తడిసిన నా చేతులకి తొడుగుతుంటే, ఆ కోపాన్ని వేరే ఇంటికి దాచుకున్నాను.

"ఈ సైజులో అసలైనవి దొరుకుతాయా?" అన్నాను.

"నారిన్ పట్నంలో ఇంతకుముందే అడిగాను, లేవు. రాజధాని నుంచి రావాలంటే మూడు రోజులు." మెలిస్ గొంతు తగ్గించాడు. "ఊళ్ళో ఒక్క చోటే నాలుగు ఉన్నాయి. కొత్తవి. ఆరు రేకుల పువ్వువి. పెద్దాయన జీపుకే ఉన్నాయి. సెప్టెంబరులో నేనే ఎక్కించాను. రిమ్ములు వేరు గాని టైరు సైజు ఒకటే. విప్పి మార్చగలను."

అంటే మా అన్నయ్యకి ఆ ముద్ర అర్థం తెలుసు. తోడేళ్ళ వేటకి వెళ్ళే తన జీపుకి ఏం కావాలో తెలుసు.

*

మధ్యాహ్నం రెండింటికి ఆయన ఇంటికి వెళ్ళేసరికి మా వదిన తుర్సున్, తినడానికి నేల మీద బట్ట పరిచి, రొట్టె, వెన్న, ఆప్రికాట్ జాము సర్దుతోంది. అన్నయ్య దిండుకి ఆనుకుని కూర్చున్నాడు. డెబ్బై ఒక్క ఏళ్ళ మనిషి. మా నాన్న పోయాక నన్ను పెంచింది ఆయన. ఆయన కనుమ మీద లారీ తోలితేనే నేను రాజధానిలో, అప్పటి పేరు ఫ్రూంజే, కాలేజీ చదివాను. నా జీవితంలో ఆయన ముందు గొంతెత్తలేదు.

"కూర్చోండి. ఏంటి, తండ్రీకూతుళ్ళు చావు కబురు తెచ్చినట్టున్నారు?"

"తేవాల్సింది పెదనాన్నా. ఉదయం తప్పిపోయింది" అంది బురుల్. నిలబడే జరిగింది చెప్పింది. ముద్ర సంగతి చెప్పింది.

ఆయన బెదరలేదు. "ముద్ర కావాలన్నావు. వేయించాను. ఇప్పుడు రేకులు లెక్కపెడతావా?"

"మోసం పెదనాన్నా అది."

"నోరు జాగ్రత్త. నలభై ఏళ్ళు ఆ కనుమ మీద లారీ నడిపాను. ఏ మంచుపువ్వు చూసి నడిపాను? పన్ను ఎంత పెద్దదైతే పట్టు అంత గట్టిది. ఇది నీ పుస్తకాల్లో ఉండదు."

"ఆ నలభై ఏళ్ళలో లోయలోకి ఎన్ని లారీలు పోయాయో కూడా చెప్పు. నీ పక్క సీటు స్నేహితులు ఎంతమంది ఇప్పుడు ఊళ్ళో ఉన్నారు?"

వదిన చేతిలో కత్తి వెన్న మీద ఆగిపోయింది.

"అన్నయ్యా" అన్నాను. "పన్ను పెద్దదైతే నీ జీపుకి అవే వేసుకోవచ్చు కదా. దానికి వేరేవి ఎందుకు తెచ్చుకున్నావు?"

ఆయన నా వైపు తిరిగాడు. ఆ ప్రశ్న నా నుంచి వస్తుందని అనుకోలేదు.

"నేను ఎక్కడెక్కడో తిరుగుతాను. ఆ రాళ్ళు వేరు, ఆ మంచు వేరు."

"కనుమ మంచు కూడా అదే ఆకాశం నుంచి పడుతుంది. ఆ నాలుగూ ఇవ్వు. మెలిస్ మార్చి పెడతాడు. రేపు తెల్లవారేసరికి బురుల్ వెళ్ళి చినారాని తెస్తుంది. నీ కోడలే కదా."

"నెత్తురు పూసిన చక్రాలు విప్పుతారా? ఊరు ఏమంటుంది? తబల్దీ దీవెన రెండు నెలలు కూడా నిలవలేదంటుంది. నా చేత్తో అది జరగదు."

"అయితే నీ జీపులో నన్ను పంపవు, నా బండికి టైర్లు ఇవ్వవు" అంది బురుల్.

"నా జీపు నువ్వు తోలవు."

"తోలినా లాభం లేదులే. రెండు తలుపుల బండి అది. నొప్పులు పడే మనిషి పడుకోవాలి. మంచం, ఆక్సిజన్, సెలైను అన్నీ నా వ్యానులో ఉన్నాయి. మళ్ళీ నెత్తురు పోతే కూర్చోబెట్టి తెస్తామా?"

ఆయన కొంచెంసేపు గడ్డం దువ్వుకున్నాడు. ఇక దయ చూపిస్తున్నవాడిలా అన్నాడు. "సరే. రెండు తీసుకోండి. రెండు పాతవి ఉంటాయి. దీవెన పోదు, మీ పట్టుదలా పోదు."

అప్పుడు నాలో ఏదో తెగింది.

"ఏ రెండు అన్నయ్యా?" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "ముందు చక్రాలకి పెడితే, దిగేటప్పుడు ముందు భాగం ఆగుతుంది, వెనక భాగం ఆగదు. తోక తిరిగి ముందుకొస్తుంది. వెనక చక్రాలకి పెడితే, స్టీరింగు తిప్పినా బండి తిరగదు, మలుపులో నేరుగా పోతుంది. నీ కోడలు లోయలోకి తోకతో పడాలా, మూతితో పడాలా? అదొక్కటి చెప్పు. అలాగే బిగిస్తాను."

"గొంతు దించు. ఎవరితో మాట్లాడుతున్నావు? నా లారీ పొగ తిని చదువుకున్నావు నువ్వు."

"తిన్నాను. ఆ కృతజ్ఞతతోనే నలభై మంది ముందు నువ్వు నా కూతురికి చెవి లేదంటే నవ్వాను. ఇవాళ ఉదయం అదే పిల్ల స్టీరింగు పట్టుకుని 'నాన్నా, గట్టిగా పట్టుకో' అని అరిచింది. పట్టుకోవడానికి ఏమీ లేదు అన్నయ్యా. నువ్వు ఇచ్చిన వాటి మీద మేము గాలిలో ఉన్నాం. నీకు తెలుసు. తెలిసి నీ బండికి మంచివి, పరాయి పిల్లల్ని మోసే బండికి చెత్తవి పెట్టావు. ఇప్పుడు ఊరి మాట అడ్డం పెడుతున్నావు. నీకు మనవడు అక్కర్లేదు. నీ మాట నెగ్గితే చాలు."

అన్నయ్య మొహం బూడిద రంగుకి మారింది. వదిన "ఆపండయ్యా" అంది, ఎవరితో అందో తెలియదు.

అంతలో బురుల్ ఫోను మోగింది. ఎర్మెక్. అన్నయ్య చిన్నకొడుకు, చినారా భర్త. విడిది దగ్గర సిగ్నలు లేదు, గుట్టెక్కి మాట్లాడాలి. గాలి హోరులో అతని గొంతు గదిలో అందరికీ వినిపించింది.

"అక్కా, పొద్దుటి నుంచి నొప్పులు. ఇంకా పన్నెండు రోజులుంది అన్నావు కదా. ఉమ్మనీరు పోయింది. నెత్తురు కొంచెం కనిపిస్తోంది. ఏం చెయ్యను?"

బురుల్ గొంతు ఒక్కసారిగా మారిపోయింది. ఎడమ పక్కకి పడుకోబెట్టమంది, కాళ్ళ కింద దిళ్ళు పెట్టమంది, నీళ్ళు మాత్రమే ఇమ్మంది, ప్రతి గంటకీ గుట్టెక్కి ఫోను చెయ్యమంది. "వస్తున్నాను" అంది. ఫోను జేబులో పెట్టి పెదనాన్న వైపు కూడా చూడకుండా బూట్లు తొడుక్కుంది.

"మెలిస్‌ని తీసుకొస్తున్నాను" అన్నాను అన్నయ్యతో. "నువ్వు ఇస్తే సంతోషం. ఇవ్వకపోతే నేనే విప్పుతాను. ఆపాలనుకుంటే గుమ్మంలో అడ్డంగా నిలబడు."

 మా వైపు ఏ ఇంట్లోనైనా పరిచిన బట్ట మీద నుంచి ఒక్క ముక్క రొట్టె తుంచి నోట్లో వేసుకోకుండా లేవకూడదు. శత్రువు ఇంట్లో కూడా లేవకూడదు. నేను రొట్టె వైపు చూశాను, ఆయన నన్ను చూస్తున్నాడని తెలుసు. ముట్టుకోకుండా లేచాను. గుమ్మం దగ్గర వదిన పరుగున వచ్చి బురుల్ కోటు జేబులో రొట్టె ముక్క ఒకటి దూర్చింది. నా జేబులో మాత్రం దూర్చలేదు. నా మొహం చూసి ధైర్యం చాలలేదేమో.

*

మెలిస్‌కి లివర్లు, జాకీలు, గాలి మిషను అన్నీ ట్రాలీలోకి ఎక్కించడానికి గంటన్నర పట్టింది. చలికి మిషను గొట్టం బిగుసుకుపోతే మరిగే నీళ్ళు పోసి మెత్తబరిచాడు. ఒక్కసారి కూడా విసుక్కోలేదు. దారిలో నేను అన్నయ్యతో ఏమనాలో మళ్ళీ మళ్ళీ పేర్చుకున్నాను. ఇంకా చాలా మాటలు మిగిలి ఉన్నాయి. ముప్ఫై ఏళ్ళ నాటివి కూడా దొరికాయి.

మేము చేరేసరికి చీకటి పడుతోంది. గ్యారేజి తలుపులు రెండూ బార్లా తెరిచి ఉన్నాయి. లోపల జీపు లేదు. నేల మీద నూనె మరక ఒక్కటే ఉంది. వదిన శాలువా కప్పుకుని ఆ తలుపు పక్కనే నిలబడి ఉంది.

"మీరు వీధి దాటగానే లేచాడు" అంది. "దుప్పట్లు రెండు, ఫ్లాస్కు, పార తీసుకున్నాడు. 'నా కోడల్ని నేనే తెచ్చుకుంటాను, ఒకరి చేత మాటలు పడక్కర్లేదు' అన్నాడు."

"నన్నెందుకు ఎక్కించుకోలేదు?" అంది బురుల్. "నేను మెలిస్ షాపు దగ్గరే ఉన్నాను. ఆ దారినే వెళ్ళాలి కదా."

"వెనక దారిన పోయాడు."

"పెద్దమ్మా, అక్కడికి వెళ్ళి ఏం చేస్తాడు? నెత్తురు ఆపడం తెలుసా? ఆ బండిలో ఎక్కడ పడుకోబెడతాడు?"

"నేనూ అడిగాను. వినలేదు." వదిన శాలువా అంచు నోటికి అడ్డం పెట్టుకుంది. నా వైపు తిరిగింది. "నీకొకటి చెప్పాలి మరిదీ. చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు. వేసవి నుంచీ ఆయనకి కుడి కన్ను కనిపించడం లేదు. చీకటి పడితే ఎడమ కంటికి కూడా దీపాలు రెండేసి కనిపిస్తాయట. వేటకి కూడా పోవడం లేదు. అందరికీ పోతున్నానని చెప్పి, నది ఒడ్డున బండి ఆపుకుని కూర్చుని వస్తున్నాడు."

 మెలిస్ ట్రాలీ పక్కన టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. పైన కనుమ దారిలో ఒక వెలుతురు చుక్క, జీపుదే కావాలి, మలుపు తిరిగి కొండ చాటుకి పోయింది. ఇంకో మలుపు దగ్గర కనిపించాలి. ఎదురుచూశాం. మంచు పడడం మొదలైంది. వెలుతురు కనిపించలేదు.

మంచి టైర్లు కళ్ళు లేని మనిషితో కొండెక్కాయి. కాన్పు చేసే చేతులున్న మనిషి చెడ్డ టైర్లతో ఇక్కడ నిలబడి ఉంది.

బురుల్ నా వైపు తిరిగింది. పెదనాన్న ముందు కూడా ఆమె కళ్ళలో అంత కోపం చూడలేదు.

"పది నిమిషాలు నాన్నా. అన్నేళ్ళు ఓర్చుకున్నవాడివి ఇంకో పది నిమిషాలు ఓర్చుకుని ఉంటే, ఆయన నన్ను పక్కన ఎక్కించుకుని ఉండేవాడు."

 ఆమె వ్యాను తలుపు తెరిచి ఎక్కింది. మందుల పెట్టె సీటు కిందికి తోసింది. ఇంజను స్టార్టు చేసి, నేను ఎక్కుతానో లేదో అని అద్దంలోంచి చూస్తూ కూర్చుంది.

వదిన గ్యారేజిలోకి వెళ్ళి దీపం ఆర్పింది. రెండు తలుపులూ ఒకదాని తరవాత ఒకటి దగ్గరికి లాగి, చప్పుడు కాకుండా గడియ వేసింది.